ముందే పడుకున్న బొమ్మ

దుర్గాష్టమి రాత్రి

నా స్నేహితురాలు శ్రావణి వాళ్ల బొమ్మల కొలువుకు వెళ్లొచ్చినప్పటి నుంచి నాకు భయంగానే ఉంది. దశమి రాత్రి కొలువులో ఒక బొమ్మను పడుకోబెడతారు. దాంతో పండగ ముగిసినట్టు. పెళ్లయి ఆ ఇంటికి వచ్చినప్పటి నుంచి ఆ పని శ్రావణి వాళ్ల అవ్వదే.

సాయంత్రం శ్రావణి శనగలు తేవడానికి వంటింట్లోకి వెళ్లింది. నేను కొలువుకు ఫోటో తీస్తున్నాను. అవ్వ గోడ పట్టుకుని వచ్చి, రాణి బొమ్మను మెల్లగా పడుకోబెట్టి, పైన గుడ్డ కప్పింది.

"అవ్వా, దశమి ఎల్లుండి కదా?"

"తెల్సులే పాపా. ఆ పొద్దుకు నేనుంటానో లేదో. ఎవురికీ చెప్పొద్దు."

శ్రావణి వచ్చి చూసి, నేనే పడుకోబెట్టాననుకుంది. "ఏందే, మీ ఇంట్లో కొలువు పెట్టరని మా పండగను ముందే ముగిస్తాండావా?" అని నవ్వుతూ బొమ్మను లేపి నిలబెట్టింది. నేనూ నవ్వాను. అవ్వ నవ్వలేదు.

మొన్నటి నుంచి అవ్వకు ఆయాసం. పండగ పనికి అలసిపోయిందిలే అంటున్నారు అందరూ. నేను చెప్పేస్తే అవ్వ మాట దాటినట్టు. చెప్పకుండా ఉండి, రేపు ఏమన్నా అయితే...

ఇందాక ఆగలేక శ్రావణికి మెసేజ్ పెట్టాను. "ఈ రాత్రి అవ్వ దగ్గరే పండుకోవే."

వెంటనే జవాబొచ్చింది. "ఆమె పక్కనే ఉండా. ఆమే రమ్మని పిలిచింది. నీకెట్ల తెల్సే?"

ఫోన్ బోర్లా పెట్టేశాను. ఇప్పుడు కాల్ చేస్తోంది. ఇంకా ఎత్తలేదు.