నాయన గీసిన జమ్మలమడుగు ఇల్లు

జనవరి 6, ప్రొద్దుటూరు
నాయన మస్కట్ నుంచి వచ్చి వారం. ఈ చిన్న అద్దె ఇంట్లో ఎటు తిరిగినా ఎదురుపడతాడు. అక్కడ ఎన్ని హోటళ్లు గీశాడో, ఎంత పేరున్న ఆర్కిటెక్టో... మాకు మాత్రం సొంత ఇల్లు లేదు. ఆ మాట అంటూ అంటూనే అమ్మ పోయింది. బడిలో పాఠాలు చెప్పి వచ్చి మళ్లీ పొయ్యి దగ్గరికి. ఒళ్లంతా నొప్పులు.

జనవరి 9
జమ్మలమడుగు నుంచి జీపు. అక్కడి ఫ్యాక్షన్ నాయకుణ్ణి అందరూ పెద్దాయన అంటారు; ఆయన కొడుకు పంపాడట. పెద్దాయన ఇల్లు గీసింది నాయనే — వీధి వైపు ఒక్క కిటికీ లేకుండా. బాంబుల కాలం మరి. ఇల్లు పూర్తయ్యాక ఎదుటి వర్గం వాళ్లు నాయన్ను ఆపి, “లోపలికి దోవ యాడుందో చెప్పప్పా” అన్నారు. చెప్పలేదు. ఆ వారమే విమానం ఎక్కాడు. అప్పుడు నేను మూడో తరగతి. అమ్మా నేనూ పులివెందులలో, అవ్వ ఇంట్లో దాక్కున్నాం.

జనవరి 10
ఇప్పుడు రెండు వర్గాలూ ఒకే పార్టీ. జనం వచ్చిపోయే ఇల్లు, కిటికీలు పెట్టాలట. “యాడ పగలగొట్టల్లో గీసినోడే చెప్పల్ల” అన్నాడట పెద్దాయన కొడుకు. నాయన చొక్కా తనే ఇస్త్రీ చేసుకుంటున్నాడు.

జనవరి 12
బడికి సెలవు. నేనూ వెళ్లాను. నాయన వీధి వైపు గోడను అరచేత్తో తడుముతూ నిలబడ్డాడు. పెద్దాయన కోడలు కాఫీ తెచ్చింది.
“కాపురానికొచ్చినప్పటి నుంచి ఈ వీధిలో ఎవురు పోతాండారో సూడలేదు మామా. వంటింటికి గూడా ఒగటి పెట్టు.”
నాయన తల ఎత్తలేదు. “ఆ గోడ పెట్టిచ్చింది నేనే గదా తల్లీ...”
“బాంబు బయటనే పేలింది. గోడ లేకుంటే మా ఇంటాయన బతికుండడు.”
ఆ గోడ వల్లే నాయన మాకు దూరమైనా, ఆమె మీద కోపం రాలేదు. అమ్మ గుర్తొచ్చింది, అంతే.

జనవరి 17
పెద్దాయన కొడుకు ఫోన్. ఎదుటి వర్గం మళ్లీ పార్టీ మారిందట. “ఇప్పుడొద్దులే మామా. కొన్నాళ్లు పోనీ.”
నాయన ఫోన్ పెట్టేశాడు. “కిటికీ అడిగిన ఆ కోడలు పాపకు నేనేం చెప్పల్ల?” అన్నాడు.
నన్ను కాదు అడిగింది.

జనవరి 20
ఎల్లుండి నాయన మస్కట్ ప్రయాణం. పెట్టె నేనే సర్దాను. పప్పు వడ్డిస్తుంటే —
“ఇంగ పోకుండా ఈడనే ఉండిపోతే నీకు బరువైతానా అమ్మా?”
“అన్నం చల్లారిపోతాంది. తిను నాయనా.”
తినడం లేదు. నన్నే చూస్తున్నాడు.