ఆదివారం రెయిడ్

2024 మే 28

డిస్కు చచ్చిపోయింది. పిడుగు పడ్డాక కంప్యూటర్ ఆన్ చేస్తే టక్ టక్ అంది, అంతే. భీముడు తాత వేట పాటలన్నీ అందులోనే ఉన్నాయి. తాత పోయి ఏడాది దాటింది. మళ్ళీ పాడమని ఎవరిని అడగను? మా ఊరి పాటలు దాచడం నాకు ఎవరో అప్పగించిన పని కాదు. అందుకే ఎవరి మీదా కోప్పడలేను.

ఏడ్చాను. ఇక ఏడవను.

మే 31

పాడేరు మెయిన్ రోడ్డులో లక్ష్మణరావు గారి కంప్యూటర్ షాపుకెళ్ళి మూడు హార్డ్ డిస్కులు అడిగాను. కొండోళ్ల పాటలకి మూడు డిస్కులేటే గుంటా, పెన్ డ్రైవ్ సాల్దేటి అన్నారు. సాల్దు అన్నాను, ఆయన యాసలోనే. పోనీ మూడూ కలిపేసి ఒకటే పెద్ద డిస్కు సేసీ, స్పేసూ స్పీడూ రెండూ వత్తాయి అన్నారు. అలా కలిపాక ఒకటి పోతే మూడూ పోయినట్టే కదండీ అన్నాను. మూడు డిస్కులూ తీసి కౌంటర్ మీద పెట్టారు.

నాకు కావలసింది డిస్కుల్ని జట్టు కట్టే ఇంకో పద్ధతి, రెయిడ్ ఫైవ్. మూడింట్లో ఏ ఒక్కటి చచ్చినా మిగతా రెండూ కలిసి దాని వంతు కూడా పాడతాయి. మా ఊళ్లో ఒకడు జ్వరంతో పడుకుంటే వాడి చేను మిగతావాళ్లు దున్నరూ? అదే.

జూన్ 6

పాడేరు నుంచి కొండ మీద మా ఊరికి ఫోన్ చేశాను. ప్రసాద్ బావ ఎత్తాడు. పైన సిగ్నల్ సంగతి తెలిసిందే. ఆదివారం రెయిడ్ పెడుతున్నాను, పొద్దున్నే జీపులో అమ్మమ్మను తీసుకురా, విత్తనాల పాట రికార్డు చేయాలి అని అరిచాను. సరే సరే అన్నాడు. కట్.

మా కొండల్లో చేసే ఇటుకల పండగకి విత్తనాలు పంచేటప్పుడు పాడే పాట అది. మొత్తం వచ్చింది అమ్మమ్మ ఒక్కతికే. మిగతావాళ్లం చివరి మాట అందుకుంటాం, అంతే.

జూన్ 9, ఆదివారం

ఎవరూ రాలేదు.

జూన్ 10

నవ్వాలా, తల గోడకేసి కొట్టుకోవాలా?

బావకి వినపడినవి రెండే మాటలట. ఆదివారం, రెయిడ్. మా కొండ మీద ఆ మాటకి ఒకటే అర్థం: సారా కుండల కోసం పోలీసులు జీపుల్లో వచ్చి ఇల్లిల్లూ వెతకడం. తెల్లారకముందే ఊరంతా కుండలెత్తుకుని అడవిలోకి పోయింది. మా అమ్మమ్మ యర్రమ్మ తన కుండని వదలనంటూ రోజంతా వానలో కూర్చుందట. ఇప్పుడు జ్వరం. గొంతు పూర్తిగా పోయిందట.

డిస్కులకి ఈ పేరు ఏ మహానుభావుడు పెట్టాడో! ఒక్కసారి మా ఊరొచ్చి ఉంటే పెట్టేవాడు కాదు.

జూన్ 12

అయినా సరే, డిస్కులు బిగించేశాను. మూడూ ఒకదానితో ఒకటి సరిచూసుకునే సింక్ మధ్యలో కరెంటు పోయింది. కొత్త యూపీఎస్ కీచుకీచుమంది కానీ పని ఆపలేదు. శభాష్ అన్నాను దాన్ని.

దారిలో లక్ష్మణరావు గారు కనబడి, ఏటమ్మా, పాటలు ఎట్టేసినావా అన్నారు. ఎట్టేత్తాను అన్నాను. డిస్కులు మూడూ రెడీ. పాడే గొంతే లేదు. భయంగా ఉంది.

జూన్ 16

అమ్మమ్మ వచ్చింది! గొంతు బాగయ్యాక పాడుదువులే అంటే కసిరింది. వానొచ్చినప్పుడే గదేటే ఇత్తనాలెయ్యాల, గొంతు కోసం ఆగితే అదును పోద్ది అంది.

పాడింది. గరగరమంటూ, ఆగుతూ, దగ్గుతూ, చివరిదాకా. దగ్గుని కూడా కట్ చేయలేదు నేను.

తర్వాత కంప్యూటర్ ఆపి, ఒక డిస్కు ఊడబీకి ఆమె ఒళ్లో పెట్టాను. దీన్ని పోలీసులు పట్టుకుపోయారనుకో అన్నాను. మళ్ళీ ఆన్ చేశాను. స్క్రీన్ మీద ఎర్రగా వార్నింగ్. ప్లే నొక్కాను.

పాట వచ్చింది, దగ్గుతో సహా. అమ్మమ్మ ఒళ్లో డిస్కునీ స్పీకర్‌నీ మార్చి మార్చి చూసింది.

జూన్ 17

డిస్కు తిరిగి పెట్టాను. మళ్ళీ సింక్ అవుతోంది.

బావ ఫోన్. అమ్మమ్మ ఊరంతా చాటుతోందట: మా గుంట ఇంట్లో రెయిడ్ అయినాది, పాట మాత్రం దొరకనేదు.