మగ్గం గుంటలో మంచు మోత

షోలాపూర్,
మగ్గాలకు సుట్టీ, సెలవు రోజు మధ్యాహ్నం.

చిరంజీవి ఋతుజకు,

నీ మామ సిద్ధరాములు దీవించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం. మీ అమ్మ నోరు మరీ క్షేమం. ఆ మంచులో నువ్వూ నీ పెంగ్విన్లూ కూడా అలాగే ఉన్నారని తలుస్తాను. అక్షరాలు వంకరగా పడుతున్నాయని నవ్వకు. చదివింది ఏడో తరగతే అయినా నా దస్తూరీకి ఎవరూ వంక పెట్టలేదు. ఈ వంకరకు వేరే కారణం ఉంది, చెబుతాను. రాయడం కాగానే ఫోటో తీసి పంపిస్తాను.

నువ్వు అడిగినవాటికి జవాబులు. అమ్మ మోకాలు తగ్గలేదు. బీడీల చాట ఒళ్ళో పెట్టుకుని పొద్దంతా కూర్చుంటే ఎలా తగ్గుతుంది? ఊరవతల కుంభారిలో కొత్త ఇంటికి పోదామంటే, "ఆడ మగ్గం సప్పుడు లేదు, నాకు నిద్ర వట్టది" అంటుంది. తువ్వాళ్ళ గిరాకీ ఫర్వాలేదు. సుందరాబాయిని ఇంకా ఏడిపిస్తున్నావా అని అడిగావు. గోడకవతలే ఉంటుంది, ఏడిపించక ఏం చేయను? మొన్న ఆమె తునికాకు బుట్టలో రబ్బరు బల్లిని పెట్టాను. దాన్ని ఆకులో చుట్టి, దారం కట్టి, అచ్చం బీడీలా చేసి నాకే పంపింది.

"ఈసారి ఒక్క మాటైనా నాడె పట్టుకుని చెప్పు మామా" అని రాశావు. పోగును అటూ ఇటూ మోసే నాడె చేతిలో ఉండగా మన ఇంట్లో ఎవరూ అబద్ధమాడరు. అందుకే తమాషా చేసేటప్పుడు నేను దాన్ని ముట్టను. నాడె సంగతి తర్వాత.

ముందు నువ్వు పంపిన మోత సంగతి. సముద్రం మీద తేలే ఆ పెద్ద మంచు పలకలో యంత్రం పాతారనీ, పైన గాలి వీస్తే మంచు లోలోపల మూలుగుతుందనీ, మనిషి చెవికి అందదు కాబట్టి వేగం పెంచి పంపుతున్నాననీ రాశావు. విన్నాను. గోడకవతల ఎవరో మగ్గం నడుపుతున్నట్టే ఉంది. నా బుద్ధి నీకు తెలుసు కదా. పోయిన సుట్టీ రోజు, గల్లీలో మగ్గాలన్నీ ఆగి ఉండగా, మీ తాత గుంట మగ్గంలో కాళ్ళ గుంటను మూసిన చెక్కలు ఎత్తి, గుంటలో స్పీకరు పెట్టి, నీ మోత నడిపించాను. ఆయన పోయాక ఆ మగ్గాన్ని ఎవరూ ముట్టలేదు. సుందరాబాయి జడుసుకుని గల్లీ అదిరేట్టు అరుస్తుందని నా ఆశ.

ఆమె గుమ్మంలోకి వచ్చి చెవి పెట్టి వింది. "ముసలాయన నేస్తున్నడా? నేయనియ్యి పాపం" అని, పోయి పడుకుంది. గల్లీ అంతా పడుకుంది, పసిపిల్లలతో సహా. నా తమాషా మట్టిపాలైందని గుంట పక్కన తల గోక్కుంటూ కూర్చున్నాను.

అప్పుడు మోత ఆగింది. రికార్డు అయిపోలేదు. ఫోనులో అది నడుస్తూనే ఉంది, మోత మాత్రం లేదు. గల్లీలో తలుపులన్నీ ఒక్కసారే తెరుచుకున్నాయి. నిద్రకళ్ళతో అందరూ గడపల్లోకి వచ్చి నిలబడ్డారు. గల్లీలో మనిషి పోతేనే కదా మనం నడిచే మగ్గాన్ని అలా నడుమ ఆపేది. చివరికి సుందరాబాయి మెల్లగా అడిగింది: "ఎవలింట్ల?"

ఇల్లిల్లూ చూసుకున్నారు. అందరూ ఉన్నారు. మీ అమ్మ మాత్రం గడప దిగలేదు. "అందరున్నరు. మనింట్ల ఒక్కతి లేదు" అంది.

ఇక దాచింది చెప్పాలి. అమ్మకు చెప్పవద్దని నువ్వు రాసిందంతా అప్పుడే ఆమెకు చెప్పేశాను. ఆ మోత నీ మంచుదని చెప్పాను. ఈ గురువారం నువ్వు మంచులో పడ్డ పగులు దాటిపోయి, అవతల గుడారం వేసుకుని, ఆ యంత్రాన్ని తవ్వి తెస్తావని కూడా చెప్పాను. మోత అలా నడుమ తెగిపోయిందంటే యంత్రం చెడిపోయి ఉంటుందని నువ్వు రాశావు. విరగబోయే ముందు మంచే ఊపిరి బిగబట్టిందేమోనని నాకు భయం. నీ చదువు ముందు నా భయం ఏపాటిది? అయినా రాస్తున్నాను. మీ అమ్మ, మా పద్మక్క, నన్ను తిట్టలేదు. నేను పుట్టాక ఆమె నన్ను తిట్టకుండా ఊరుకోవడం ఇదే మొదలు. స్పీకరును మాత్రం తీసుకుపోయి మురుగు మోరీలో పడేసింది.

ఇవాళ మళ్ళీ సుట్టీ. గల్లీలో ఒక్క మగ్గమూ నడవడం లేదు. ఫోను ఆపేసి జేబులో పెట్టుకున్నాను. అయినా అన్నం తిన్నప్పటినుంచి గుంటలోంచి మోత వస్తోంది. నేను ఆ చెక్కల మీదే కూర్చుని రాస్తున్నాను. చెక్కలు వణుకుతున్నాయి. అక్షరాల వంకర అందుకే. మీ అమ్మ చాట పక్కన పెట్టి, చెక్క మీద అరచెయ్యి ఆనించి కూర్చుంది. "రాయి రా, ఆగకముందే రాయి" అంటోంది.

నా ఎడమ చేతిలో మీ తాత నాడె ఉంది. ఆ పగులు దాటకు బిడ్డా. ఇది కూడా నా తమాషాయే అనుకుంటే, వచ్చాక చెప్పు తీసి కొట్టు. కొట్టడానికైనా రావాలి కదా.

ఈ వరుస చూడు, ఋతుజా. అక్షరాలు నిటారుగా పడుతున్నాయి.

గల్లీలో తలుపులు తీస్తున్నారు. "ఎవలింట్ల?" అని సుందరాబాయి గొంతు. మీ అమ్మ లేచింది. "ఎవలింట్ల లేదు! పోయి పండుకోండ్రి!" అని కేకేసి, కుంటుకుంటూ షెడ్డులోకి పోయింది. సుట్టీ అని కూడా చూడకుండా మరమగ్గాలన్నీ నడిపించేసింది. నీ గొంతు వినేదాకా ఆపదట.

ఫోను జేబులోంచి తీస్తున్నాను. దీని ఫోటో అందగానే మాట్లాడు.

ఇట్లు,
నాడె చేతిలోంచి దించని
నీ మామ