అక్కయ్య ఎంచిన మూడు పాటలు

సింగరాయకొండ

తమ్ముడు ఇమ్మానియేలుకు అక్క సంతోషకుమారి దీవెనలు.

ఈ రోజుల్లో ఉత్తరమేమిటి అనుకుంటావు. నా ఫోన్ షారోన్ లాక్కుంది. బైపాస్ అయిన దగ్గర్నుంచి గుండె జబ్బుల వీడియోలు చూసి, వేళాపాళా లేకుండా డాక్టరుకి ఫోన్లు చేస్తున్నానట. "మీ అమ్మగారి గుండె బాగానే ఉందమ్మా, ముందా ఫోన్ తీసెయ్యి" అన్నాడట ఆయన. కన్నకూతురు ఆయన మాటే విన్నది.

కాళ్ళలో సత్తువ లేదురా. లేస్తే దడ. దడ వస్తుందేమోనని లేవడం మానేశాను. బడిలో పొద్దంతా నిలబడి పాఠాలు చెప్పిన దాన్ని, వంటింట్లోకి గోడ పట్టుకుని వెళ్తున్నాను. డాక్టరు నడవమంటాడు. నడిచేది ఆయన కాదు కదా.

ఎక్కువ రోజులు ఉండనని తెలిసిపోయింది. నన్ను అద్దంకిలో మీ బావ పక్కనే పెట్టండి. ఆ రోజు పాడాల్సిన పాటలు మూడు నేనే ఎంచాను. మన చర్చి ఆడవాళ్ళని ఇంటికొచ్చి ఒకసారి పాడి వినిపించమన్నాను. మీ బావ భూస్థాపనకి వీళ్ళు పాడింది వింటే, ఆయన లేచి కూర్చుని ఆపమంటారేమో అనిపించింది. నా విషయంలో అలా జరగకూడదు.

ఇట్లు,
నీ అక్క

తా.క.: నా గురించి మాట్లాడమని పాస్టరు గారు నిన్ను పిలుస్తారు. చిన్నప్పుడు నిన్ను కొట్టిన సంగతులు ఎత్తకు.


చిలకలూరిపేట

అక్కయ్యకు ప్రభువు పేరట వందనాలు.

నీ ఉత్తరం చదివి నాకు కోపం వచ్చింది. హెడ్మాస్టర్లనే హడలగొట్టిన టీచరమ్మవి, దడకి భయపడతావా? నన్ను చూసి నేర్చుకో. స్పిన్నింగ్ మిల్లులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాను, ఏ రోజూ డాక్టరు గడప తొక్కలేదు. జబ్బు సగం మనసులోనే ఉంటుంది. లేచి నడువు. పాటలూ వద్దు, పాడూ వద్దు.

నీ తమ్ముడు,
ఇమ్మానియేలు

తా.క.: కొట్టిన సంగతులు ఎత్తకపోతే నేను మాట్లాడ్డానికి ఇంకేం లేదు.


సింగరాయకొండ

తమ్ముడూ,

రాయడానికి తీరిక లేదు. శనివారం నాటికి అంతా సిద్ధం కావాలి. అద్దంకి వెళ్ళడానికి ఒక వ్యాన్ మాట్లాడి పొద్దున్నే మా ఇంటికి పంపు. పదిమంది ఆడవాళ్ళు నాతో వస్తున్నారు. అందరికీ ఒకే రకం తెల్లచీరలు తీసుకున్నాం. నువ్వూ మరదలూ తప్పకుండా రండి. చుట్టాల్లో ఎవరొస్తామన్నా తీసుకురా, జనం ఎంతమంది ఉంటే నాకంత గౌరవం.

ఇప్పుడు నాకు భయం లేదు. ఎవరు ఆపినా ఆగను.

అక్క

తా.క.: శనివారమేనా అని మళ్ళీ అడగొద్దు. ఆ రోజు మేం పెట్టుకున్నది కాదు, పైవాళ్ళు ఇచ్చింది.


చిలకలూరిపేట

అక్కా,

నీ ఉత్తరం చదివి మరదలు అన్నం మానేసింది. నేను రెండు ముద్దలతో లేచాను.

పైవాళ్ళు శనివారం అని ఎలా చెప్పారే? కలలోనా? షారోన్‌కి ఫోన్ చేస్తే, "అమ్మ ఎప్పుడూ అద్దంకి ధ్యాసలోనే ఉంటుంది మావయ్యా, మా మాట వినే స్థితి దాటిపోయింది" అని నవ్వింది. నవ్వింది అక్కా. దుఃఖం ఎక్కువైతే మనుషులు అలా అయిపోతారని మరదలు అంటోంది.

డ్రైవరు పీరుతో మాట్లాడాను. "వెళ్ళేటప్పుడు ఎంతమంది, వచ్చేటప్పుడు ఎంతమంది సార్?" అని అడిగాడు. ఒకరు తగ్గుతారని చెప్పడానికి నోరు రాలేదు. చుట్టాలందరికీ కబురు పెట్టాను. పూలదండ కూడా చెప్పాను. నేను వచ్చేదాకా ఓపిక పట్టు.

నీ అభాగ్యపు తమ్ముడు

తా.క.: పైవాళ్ళతో మాట్లాడే వీలుంటే ఆదివారానికి మార్చమను. చాలామందికి సెలవు.


చిలకలూరిపేట

అక్కయ్యకు వందనాలు.

శనివారం నుంచి నీకు రాయాలనే ఉంది. వ్యాన్ దిగి మీ గుమ్మం ముందు మేమంతా ఏడుపు అందుకుంటే, తెల్లచీరలో నువ్వే బయటికొచ్చి, "ఎవరురా పోయింది?" అన్నావు. పెదనాన్న కొడుకు కళ్ళు తిరిగి పూలదండ మీదే కూర్చున్నాడు.

చర్చిల పాటల పోటీ అని ముందే ఒక్క ముక్క రాస్తే ఏం పోయింది? అయినా కోపం నిలవలేదు. అద్దంకిలో ఆ స్టేజీ మీద ఆఖరి దాకా నిలబడి, చెయ్యి ఊపుతూ పదిమందినీ నడిపించావు. నా పక్కన కూర్చున్నాయన "ఎవరండీ ఆ పెద్దావిడ?" అన్నాడు. "మా అక్క" అన్నాను. ఆయన అడక్కపోయినా మరో నలుగురికి చెప్పాను.

ఇంటికొచ్చిన రాత్రి నాకు ఛాతీలో పట్టేసింది. గుంటూరు తీసుకెళ్ళారు. స్టెంట్ వేసి పంపారు. బాగానే ఉందంటున్నారు గానీ, అక్కా, నాకు మంచం దిగాలంటే వణుకు. మరదలు లేవమంటే కసురుతున్నాను. జబ్బు సగం మనసులో ఉంటుందని రాసిన వెధవ ఎవడో గానీ, వాడికి మిగతా సగం తెలియదు.

ఇట్లు,
ఇమ్మానియేలు

తా.క.: ఈ సంగతి మిల్లు వాళ్ళకి తెలియనివ్వకు. ఊరెళ్ళానని చెప్పించాను.


చిలకలూరిపేట, మీ ఇంటి కిందనే

ఒరేయ్ తమ్ముడూ,

పైన ఊరు పేరు సరిగ్గానే రాశాను. షారోన్ సాయం వస్తానంటే వద్దన్నాను. ఒక్కదాన్నే ఒంగోలులో బస్సు మారి వచ్చాను. మీ గేటు దగ్గర కూర్చుని రాస్తున్నాను, మరదలి చేత పైకి పంపుతాను.

వ్యాన్‌లో నువ్వు ఏడుస్తూ వినలేదు, ఇప్పుడు విను. ఆ మూడు పాటలు వినిపించడానికి చర్చి ఆడవాళ్ళు మా ఇంటికొచ్చారు కదా. వాళ్ళలో లిడియా మొదటి చరణంలోనే శ్రుతి తప్పింది. ఓర్చుకున్నాను. రెండో చరణంలో అందరూ తప్పారు. నా చావు వీళ్ళ చేతిలో పెట్టలేక మంచం దిగి, ముందుకెళ్ళి నిలబడి పాడి చూపించాను. పాట అయ్యేదాకా నిలబడ్డానన్న సంగతే నాకు తెలియలేదు. తర్వాత దడ వచ్చింది. కాసేపు ఉంది. పోయింది. వచ్చిన దడ పోతుందని నాకు అప్పుడే తెలిసింది. మర్నాడు వాళ్ళని చర్చికి రమ్మని నేనే నడిచి వెళ్ళాను. పోటీ సంగతి పాస్టరు గారు అప్పుడు చెప్పారు. ఆ చావు పాటలే, కాస్త వేగం పెంచాం. రెండో బహుమతి వచ్చింది. మొదటిది రాకపోవడానికి కారణం ఇప్పటికీ లిడియానే.

నీకు భయంగా ఉంటుందని నాకు తెలుసు. భయం పోయాక లేద్దామనుకుంటే లేవలేవు. భయపడుతూనే లే. నెమ్మదిగా నడవొచ్చని డాక్టరు చెప్పాడట, మరదలు ఇప్పుడే చెప్పింది. మీ మెట్లు నేను ఎక్కగలను. ఎక్కను. నువ్వు బాల్కనీలోకి వచ్చి నన్ను చూసేదాకా ఇక్కడే ఉంటాను.

నీ అక్క,
సంతోషకుమారి

తా.క.: ఇక్కడ నీడ లేదు. తొందరగా రా. అసలే బైపాస్ అయినదాన్ని.