మన చేలో పదిహేడుగురు

అవ్వా,

బాగున్నావా అని అడగడం నీ విషయంలో మర్యాదో కాదో తెలియదు. నువ్వు వెళ్లి ఏడు నెలలైంది. ఇక్కడ అందరం క్షేమం. నీ కోళ్లు మాత్రం ఎవరి మాటా వినడం లేదు.

ముఖ్యమైన సంగతి చెప్పాలి. కూర్చునే విను... నిలబడితే నీకు మోకాళ్ల నొప్పి.

నేను కోవిల్‌పట్టిలో చిన్నపిల్లల బడిలో పనిచేస్తున్నానని నీకు తెలుసు. "బియెస్సీ సదివి ముక్కులు తుడిసే పనా రా నీకు?" అని వీధంతా వినపడేలా అడిగింది నువ్వే. ఆ ముక్కులవాళ్లను పదిహేడుగురిని, కయత్తారు దారిలోని మన చేనికి తీసుకెళ్లాను. ఒక రోజంతా గోడలు లేకుండా ఆడుకుంటూ నేర్చుకోవాలని నా మహత్తర పథకం. రెండు నెలలు బతిమాలితే హెడ్‌మిస్ట్రెస్ ఒప్పుకున్నారు. షరతులు రెండు. బూట్లు విప్పకూడదు. ఒక్క ఇంటినుంచి ఫిర్యాదు వచ్చినా పిల్లలు మళ్లీ గేటు దాటరు.

ముందురోజు వాన పడింది. తడిసిన నల్లరేగడిలో బూట్లతో దిగకూడదని మన ఊళ్లో పుట్టిన ప్రతి బిడ్డకూ తెలుసు. వృక్షశాస్త్రంలో ఫస్టుక్లాసు వచ్చిన నాకు గుర్తు రాలేదు. గట్టుమీద నిలబడి మట్టి గొప్పతనం గురించి ఉపన్యసించి, అందరినీ వరసగా దింపాను.

పది అడుగులు... ఒక్కో బూటుకూ వీశెడు మట్టి. ముందున్నవాడు కాలెత్తాడు. కాలు వచ్చింది, బూటు రాలేదు. వాడు నావైపు చూశాడు. మిగతా పదహారుగురూ చూశారు.

అప్పుడు నువ్వు వినపడ్డావు. "సెప్పులు గట్టుమిందే ఇడువు రా. చేను నీ ఆఫీసా, తొడుక్కోని దిగతా ఉండావు?" అది నీ భక్తి అనుకునేవాణ్ణి. సగం భక్తి, సగం బురద అన్నమాట. ఆ రెండో సగం నాకెందుకు చెప్పలేదు? చెప్పావా... నేను విన్నానా?

బూట్లు విప్పించేశాను.

అరగంటలో మట్టితో ఎద్దులు చేసి, వాటికి తొండాలు పెట్టారు. చీమల బారు ఎక్కడికి పోతుందో చూడ్డానికి బోర్లా పడుకున్నారు. ఎర్రటి ఆరుద్ర పురుగులు బయటికొచ్చాయి. తరగతిలో మూడు దాటి లెక్కపెట్టని ఒక పాప, పురుగును అరచేతిలో పెట్టుకుని దాని కాళ్లు ఎనిమిదని తేల్చింది.

కాళ్లు కడుగుదామంటే మోటారుకు కరెంటు లేదు. మోకాళ్లదాకా నల్లగా బడికి చేరాం.

సాయంత్రానికి మూడు ఫిర్యాదులు. రెండు తెల్ల మేజోళ్ల గురించి. మూడోది ఆ పాప అమ్మది... టిఫిన్ డబ్బా తెరిస్తే నాలుగు పురుగులు నడుస్తున్నాయట. నెపం వానమీద వేయొచ్చు. బూట్లు నేనే విప్పించానని ఒప్పుకున్నాను. నిజాయితీ అనుకోకు, పదిహేడుగురు సాక్షులున్నారు. పథకం రద్దయింది. ఉద్యోగం మిగిలింది.

ఇంటికొచ్చి నీ మంచంమీద కూర్చున్నాను. నువ్వుంటే ఏమనేదానివో తెలుసు. అనేవాళ్లు లేకపోవడమే ఇంకా అలవాటు కాలేదు.

ఆదివారం పొద్దున ఆ అమ్మే ఫోన్ చేసింది. పురుగులను వాటి ఇంట్లో వదిలేదాకా పాప అన్నం ముట్టనంటోందట. ఇద్దరూ స్కూటీమీద చేనికి వచ్చారు. వదిలేసి వెళ్లిపోతారనుకున్నాను, మధ్యాహ్నందాకా ఉన్నారు. మరుసటి ఆదివారం అయిదుగురు పిల్లలు. నిన్న తొమ్మిదిమంది. బడి గేటుతో పనే లేదు, ఇంటివాళ్లే తెచ్చి దింపుతున్నారు.

ఇక నేరం ఒప్పుకోవాలి. నాన్న మినుములు విత్తుతుంటే తూర్పు మూల వదిలేయమన్నాను. పిల్లలకోసం. జానెడు నేల ఖాళీగా ఉన్నా నీకు నిద్రపట్టదని తెలుసు. "అది నేలనా, నీ తలకాయా, ఊరికే పెట్టేదానికి?" అంటావు.

వచ్చే ఏడు కూడా అక్కడ విత్తనివ్వను. తిట్టాలనిపిస్తే తిట్టు అవ్వా... ఎంతసేపైనా వింటాను. ఇదివరకటిలా మధ్యలో జోకు వేయను.

నీ మనవడు