తెల్లారేదాకా తాళం

కరీంనగరం
ఆగస్టు 12, 1962

ప్రియమైన చెల్లె కొమురవ్వకు అన్న ముత్తయ్య దీవించి రాయునది.

ఇక్కడ అందరం బాగున్నాం. నిర్మల్‌లో నువ్వూ, బుచ్చవ్వ చిన్నవ్వా బాగున్నారని తలుస్తాను. వయోజన బడిలో చదువు నేర్చావని, ఉత్తరాలు నువ్వే చదువుకుంటున్నావని విన్నాను. మంచిదయింది. నా అక్షరాలు నీకు తెలుసు కదా, చెక్క పలకల మీద కొలతలు గీసుకోవడానికి నేర్చినవి. తప్పులుంటే సర్దుకో.

పని బాగానే ఉంది. ఊళ్ళో బట్టల దుకాణాలన్నీ వేషం మారుస్తున్నాయి. పరుపు మీద కూర్చొని అమ్మడం సావుకార్లకు నామోషీ అయింది. అందరికీ బల్లలు కావాలి, అద్దాల అల్మారాలు కావాలి. కాని ఒక్క రోజు బేరం పోగొట్టుకోవడానికి ఒక్కడూ ఒప్పుకోడు. పొద్దుగూకి దుకాణం కట్టేసినంక మేము లోపలికి పోవాలి. పాతవి పీకి, కొత్తవి బిగించి, తెల్లారి బోణీ వేళకు అప్పజెప్పాలి. బాపు నాటి పద్ధతే ఇప్పుడూ. మమ్మల్ని లోపల ఉంచి సావుకారి బయట తాళం వేసుకొని పోతాడు. పొద్దున ఆయనే వచ్చి తీస్తాడు. ఇరవై ఏడేండ్లలో నా జట్టు పనిచేసిన దుకాణంలో సూది పోలేదు.

మొన్న లక్ష్మీరాజం సావుకారి పరాచికమాడాడు. "ముత్తయ్యా, చెయ్యి వణుకుతున్నది గదనే. ఇనుప మొలను కొడుతున్నవా, ఏలును కొడుతున్నవా?" అన్నాడు. "ఏలు నాది, మొల నీది. ఏది వంగినా నీ గల్లపెట్టెకేం ఫికర్?" అన్నాను. జట్టంతా నవ్వింది. నవ్వనివాడు ఒక్కడే, నీ పెనిమిటి హనుమండ్లు.

అతని సంగతికే ఈ ఉత్తరం. మీ కొడుకు రాజేశం పోయిన మూడో నాడు నువ్వు నిర్మల్ వెళ్ళిపోయావు. ఎనిమిదేండ్లయింది. అతను నీ కోసం మూడుసార్లు వచ్చాడు, మూడుసార్లూ నువ్వు తలుపు తీయలేదు. ఇప్పుడు కులపెద్దలు చొప్పదండిలో ఒక సంబంధం చూశారు. ఆమె నెమ్మదస్తురాలంట. అతను అవుననలేదు, కాదనలేదు. "కొమురవ్వ ఇడుస్తనంటె చేసుకుంట, లేకుంటె లేదు" అన్నాడు. తెగదెంపుల కాగితం దీంట్లోనే పెట్టాను. సమ్మతమైతే చేవ్రాలు పెట్టి పంపు. నేను పెట్టమనను, పెట్టొద్దనను.

నీ అన్న
వడ్ల ముత్తయ్య


నిర్మల్
ఆగస్టు 21

ప్రియమైన అన్నకు చెల్లె కొమురవ్వ దండాలు.

ఉత్తరం ముట్టింది. నేను మంచిగానే ఉన్నాను. కొయ్యబొమ్మలకు చింతగింజల జిగురు పూసే పనికి పోతున్నాను. మొన్న నేను పూసిన ఏనుగులు నలభై హైదరాబాదు పోయాయి. చిన్నవ్వకు కండ్లు కనబడవు, నోరు మాత్రం అట్లే ఉంది. నీ ఉత్తరం చదివి వినిపిస్తే "చెల్లె మొగనికి పెండ్లి చేసుడు అన్న చేసే పనా, పగోడు చేసే పనా?" అన్నది.

కాగితం పెట్టెలో పెట్టాను. దాని మీద పేరు రాసే ముందు ఒక్కటి తెలియాలి. ఆ రాత్రి నేను పిల్లవాణ్ణి భుజాన వేసుకొని మీరు పనిచేసే దుకాణం దగ్గరికి వచ్చాను. తాళం వేసి ఉంది. తలుపు ఇవతల నేను, అవతల నువ్వు. "అన్నా, పిలగాడు కండ్లు తేలేస్తుండు, ఆయన్ను తోలు" అన్నాను. "పని ఇడిచి రాడట. తెల్లారినంక వస్తనన్నడు" అని చెప్పావు. తెల్లారేసరికి రాజేశం లేడు.

ఆయన ఆ మాట ఎందుకన్నాడో ఆయన్నే అడిగి రాయి. అది తెలిస్తే పేరు రాస్తాను.

నీ చెల్లె
కొమురవ్వ


కరీంనగరం
సెప్టెంబరు 2

ప్రియమైన చెల్లెకు అన్న దీవెనలు.

జవాబు ఆలస్యమైంది. జగిత్యాలలో ఒక కిరాణా దుకాణం పనికి పోయాం. పాత పలకలకు తాతల నాటి బెల్లం అతుక్కొని ఉంది. పీకేసరికి పుట్టెడు చీమలు. మా జట్టులోని అంజన్న అంగీ విప్పి పారేసి దుకాణమంతా చిందులు తొక్కాడు. బయట తాళం, పారిపోయే దారి లేదు. "కొరికినంత కొరకనీ, గవి కూడ కడుపు కోసమే గద" అని హనుమండ్లు అంటే అంజన్న ఉలి తీసుకొని వెంటబడ్డాడు. అయినా తెల్లారేసరికి దుకాణం అప్పజెప్పాం.

హనుమండ్లును అడిగాను. "ఎనిమిదేండ్ల కింది ముచ్చట, నాకు యాది లేదు" అన్నాడు. మగవాళ్ళు పనిలో ఉంటే సగం వింటారు, సగం వినరు. పాతవి తవ్వితే ఏమొస్తుంది? పోయిన పిల్లవాడు రాడు. జ్వరం ఎవరి చేతిలోనూ లేదు. నువ్వు చిన్నప్పటి నుంచీ మొండిదానివి. దసరాకు ముందే తేల్చమని పెద్దలు అంటున్నారు. జల్ది రాయి.

నీ అన్న
వడ్ల ముత్తయ్య


నిర్మల్
సెప్టెంబరు 10

అన్నకు దండాలు.

కాగితం పంపుతున్నాను. పేరు రాశాను. ఇక ఆయన్ను ఏమీ అడగకు.

చొప్పదండి ఆమెకు ఒక మాట చెప్పు. ఆయన తిండి దగ్గర ఇంకొంచెం పెట్టు అని అడగడు. పెట్టింది తిని లేస్తాడు. కడుపు నిండిందో లేదో మొఖం చూసి తెలుసుకోవాలి. నాకు తెలియడానికి రెండేండ్లు పట్టింది.

కొమురవ్వ


కరీంనగరం
సెప్టెంబరు 19

ప్రియమైన చెల్లె కొమురవ్వకు,

కాగితం వచ్చింది. హనుమండ్లుకు ఇవ్వలేదు. నా దిండు కింద పెట్టుకున్నాను. చొప్పదండి ఆమెకు చెప్పమని నువ్వు రాసిన మాట చదివినంక అన్నం సహించలేదు. ఇది నువ్వు ఒక్కతివే చదువు. చిన్నవ్వకు వినిపించకు.

నేను అతన్ని ఏమీ అడగలేదు. పోయిన ఉత్తరంలో రాసింది అబద్ధం. ఆ రాత్రి కూడా అడగలేదు. నువ్వు తలుపు దగ్గరికి వచ్చిన సంగతి అతనికి ఇప్పటికీ తెలియదు.

అది దసరాకు నాలుగు రోజుల ముందు. లక్ష్మీరాజం సావుకారి దుకాణం, మన బజారులో మొట్టమొదటి అద్దాల దుకాణం. నేను మాట ఇచ్చిన పని. హనుమండ్లు వెనక గదిలో సొరుగుల పలకలు కోస్తున్నాడు. అతని రంపం ఆగితే తెల్లారేసరికి సగం దుకాణం నేల మీద ఉండేది. నువ్వు పిలిచినప్పుడు నేను ఆలోచించింది పిల్లవాడి జ్వరం కాదు, మిగిలిన పద్నాలుగు సొరుగులు. పిల్లలకు జ్వరాలు వస్తాయి, పోతాయి అనుకున్నాను. నేను పంపనంటే నువ్వు తలుపు వదిలిపోవు. అతనే రానన్నాడంటే కోపానికి పోతావు. అందుకని ఆ మాట అతని నోట పెట్టాను.

తాళం సంగతి కూడా రాస్తాను. బయట తాళం ఉంటే నేనేం చేసేది అని చాలా ఏండ్లు నాకు నేనే చెప్పుకున్నాను. అదీ నిజం కాదు. ఆ తలుపు చేసింది నేనే. తొమ్మిది నిలువు పలకలు, బయట అడ్డంగా ఇనుప పట్టీ, పట్టీకి తాళం. తాళం ముట్టకుండానే చివరి పలకను పైకెత్తి, కింది గాడి తప్పించి లోపలికి లాగితే మనిషి పట్టేంత సందు అవుతుంది. చుట్ట ముట్టించినంత సేపు పట్టదు. కాని బాపు ఏమనేవాడు? "సావుకారి ఏసిన తాళం సావుకారే తియ్యాలె. నడిమిట్ల తలుపు కదిలిందంటె మనం వడ్లోళ్ళం కాదు, దొంగలం." ఆ మాట నిలబెట్టాను. మేనల్లుణ్ణి పోగొట్టాను.

పొద్దున సావుకారి తాళం తీసేసరికి నువ్వు దవాఖానలో ఉన్నావని కబురు వచ్చింది. హనుమండ్లు ఒంటి మీది రంపపు పొట్టు దులుపుకోకుండా ఉరికాడు. నేను అక్కడే నిలబడ్డాను. సావుకారి సొరుగులు ఒక్కొక్కటే లాగి చూసి "శభాష్ ముత్తయ్యా" అన్నాడు. అప్పటికింకా పిల్లవాడు పోయాడని తెలియదు కనుక మీసం దువ్వుకున్నాను.

నిర్మల్ నుంచి ఉత్త చేతులతో వచ్చిన ప్రతిసారీ హనుమండ్లు నన్నే అడిగేవాడు. "బావా, నేనేం చేసిన్నని గట్ల చేస్తున్నది?" అని. "ఆడోళ్ళ మనసు నాకేమెరుక" అనేవాణ్ణి. అతను పక్కన కూర్చొని పలక చిత్రిక పడుతుంటే చెబుదామని నోరు తెరిచి పని చెప్పేవాణ్ణి.

మన్నించమని అడగను. అడిగే మొఖం లేదు. కాగితం చింపమంటే చింపుతాను, ఇవ్వమంటే ఇస్తాను. నువ్వు ఏది రాస్తే అది.

నీ అన్న
ముత్తయ్య


నిర్మల్
సెప్టెంబరు 26

ప్రియమైన అన్నకు చెల్లె దండాలు.

ఈ ఉత్తరం కోసం ఎనిమిదేండ్లు చూశాను. కాని నువ్వు రాసింది నాకు తెలియనిది కాదు. ఆ రాత్రి నేను పిలిచింది మొదలు జవాబు చెప్పేదాకా నువ్వు తలుపు దగ్గర నుంచి కదలలేదు. పొట్టు మీద నీ అడుగు పడితే నాకు వినబడదా? వెనక ఆయన రంపం ఒక్క ఊపు కూడా ఆగలేదు. అడగకుండానే ఆయన రానన్నాడని చెబుతుంటే అబద్ధమని అప్పుడే తెలిసింది. మొన్న అడగమని రాసింది ఆయన జవాబు కోసం కాదు. నీ చేతితో నిజం రాస్తావేమోనని.

మరి ఆయన్ను ఎందుకు విడిచి పోయావంటావు. ఇది నేను ఎవ్వరికీ చెప్పలేదు.

బాపు నీకు తలుపులు చేయడం నేర్పినప్పుడు దీపం పట్టుకొని నిలబడ్డది నేనే కదా. చివరి పలక ఎట్లా ఊడుతుందో నాకూ తెలుసు. బయటి నుంచి కూడా ఊడుతుంది. నువ్వు లోపలికి పోయినంక దాని కింద వేళ్ళు పెట్టాను. బెత్తెడు లేపాను. గ్యాసుబత్తీ వెలుగు నా కాళ్ళ మీద పడింది. ఒక్క కేక వేస్తే ఆయన వచ్చేవాడు. బాపు మాట నాకూ యాదికి వచ్చింది. తలుపు కదిలిందని తెలిస్తే తెల్లారి బజారంతా ముత్తయ్యది దొంగల జట్టు అంటుంది, మా అన్నకు ఇంకో దుకాణం దొరకదు అనుకున్నాను. పలక దించాను. కేక వేయలేదు. నీ మనసే మారుతుందని మెట్ల మీద కూర్చున్నాను. గంట కూర్చున్నాను. అప్పుడు లేచి ఒక్కదాన్నే దవాఖానకు నడిచాను. "ఒక్క గంట ముందు తేకపోతివా అమ్మా" అన్నాడు డాక్టరు.

ఆ గంట నాది అన్నా. నీది కాదు. ఆయన ముందు నిలబడితే అది చెప్పాలి. అందుకే తలుపు తీయలేదు. ఆయన తన తప్పేమిటో తెలియక బయట నిలబడి పిలుస్తుంటే నేను లోపల కూర్చొని విన్నాను. మూడుసార్లూ విన్నాను.

నువ్వే చెప్పు ఆయనకు. నీది చెప్పు, నాదీ చెప్పు. ఏదీ దాచకు. కాగితం ఆయన చేతికే ఇవ్వు. చింపేది, ఉంచుకునేది ఆయన ఇష్టం.

నీ చెల్లె
కొమురవ్వ


కరీంనగరం
అక్టోబరు 1

ప్రియమైన చెల్లెకు,

చెప్పాను. నిన్న పొద్దున హనుమండ్లు మా వాకిట్లో రంపాలకు ఆకురాయి పెడుతున్నాడు. ఎదురుగా కూర్చొని మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. నీది చెప్పేటప్పుడు మధ్యలో ఆపి లేచాను. నీళ్ళు తాగి మళ్ళీ చెప్పాను. కొడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది. ఒక్కటే అడిగాడు.

"మెట్ల మీద గంట కూసున్నదా?"

"గంటని రాసింది."

"ఆ రాత్రి వాన పడ్డది బావా. పైన సప్పుడయితె నేను నీతోని అన్న గద, మా ఇంటి మీద గూన పెంకు పలిగింది, పిలగాడు తడుస్తుండో ఏమో, ఒక్కపారి చూసొస్త అని. నువ్వు 'పని చూడు' అన్నవు."

అన్నాడు చెల్లే. నిజంగానే అన్నాడు. నువ్వు పిలిచిన తర్వాతనే అన్నాడు, నువ్వు మెట్ల మీద కూర్చున్న ఆ గంటలోనే అయి ఉంటుంది. ఆ మాట నేను మరచిపోయాను. నీకు రాసిన ఉత్తరంలో అంతా ఒప్పుకున్నాననుకున్నాను. ఇంకా మిగిలే ఉంది.

తర్వాత ఆకురాయి కింద పెట్టి లేచాడు. కాగితం ఇచ్చాను. చదవలేదు. మడిచి అంగీ జేబులో పెట్టుకొని బస్సుల దిక్కు నడిచాడు. నిర్మల్ బస్సే ఎక్కాడని హోటలు అంతయ్య చెప్పాడు. నిన్ను తోలుకొని రావడానికో, ఆ కాగితం నీ ముందర పడేయడానికో తెలియదు. అడగలేదు. అడిగే హక్కు పోయింది.

దసరా పనులు ఒప్పుకోలేదు. సావుకారి ఇంటికి వచ్చి "గిప్పుడు ఇడిస్తె ఎట్లనే, నీ అసొంటి నమ్మకస్తుడు నాకు యాడ దొరుకుతడు?" అన్నాడు. ఆ మాట అనిపించుకోవడానికే ఇన్నేండ్లు బతికాను. నిన్న వింటే లోపలికి పోయి తలుపు వేసుకున్నాను.

అతనికి తలుపు తీయమని నీకు రాద్దామని కూర్చున్నాను. ఈ ఉత్తరం ముట్టేసరికి నువ్వు తీయడమో, తీయకపోవడమో అయిపోయి ఉంటుంది. ఎట్లా తేలినా నువ్వు నాకు రాయాల్సిన పని లేదు. పోస్టాయన వచ్చే వేళకు గడప మీదనే కూర్చుంటాను, అంతే.

ముత్తయ్య