ఎర్ర రంగు పూయని క్లాంపు

ఏప్రిల్ 28, ఆదివారం
మురళి క్వార్టర్‌కి పుస్తకాల అల్మారా మొదలుపెట్టాను. బామ్మర్దికి నా చేత్తో చేసిచ్చింది ఇంతవరకూ ఏమీ లేదు. రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్ అయి ఆరేళ్లు, పుస్తకాలు మాత్రం ఇంకా మంచం కిందే...
ప్లాస్టిక్ స్ప్రింగ్ క్లాంపులు బయటికి తీశాను. నిరుడు వేసవిలో తెలీబంధా బజారులో కొన్నవి, డజను. బట్టల క్లిప్పుల్లాంటివే, కాస్త పెద్దవి. జిగురు ఆరేదాకా రెండు చెక్కల్ని కలిపి పట్టుకుంటాయి. "మజ్బూత్ హై క్యా?" అంటే కొట్టువాడు నవ్వాడు అప్పుడు. "ఇస్ దామ్ మే జిత్నా హోగా, ఉత్నా హోగా భయ్యా." ఈ ధరకి ఎంత గట్టిగా ఉంటే అంతేనట. అప్పటినుంచీ డాబా మీద బకెట్‌లోనే ఉన్నాయి, ఎండకి ఎండి, వానకి తడిసి.

మే 3, శుక్రవారం
ఒక క్లాంపుకి తెల్లటి గీత. రెండు పిడులూ కలిసే చోట. నొక్కితే కిర్రుమంది. ఇంకోదాని మూతికున్న మెత్తటి బిళ్ల ఊడి ఎక్కడో పోయింది.
ఉర్లా ఫ్యాక్టరీలో అయితే ఇలాంటివాటికి ఎర్ర రంగు పూసి పక్కన పడేస్తాను. ఫ్యాక్టరీ స్టోర్ కీపర్‌గా పద్దెనిమిదేళ్లుగా అదే పని. చిట్లిన గొలుసు, వంగిన హుక్కు — ఎర్ర రంగు పడిందంటే ఎవరూ ముట్టకూడదు.
ఇల్లే కదా. ఈ ఆదివారం ఒక్కటీ గడిస్తే పారేద్దాం... మళ్లీ బకెట్‌లోనే వేశాను.

మే 5, ఆదివారం
మురళి కన్ను.
రాయలేను.

మే 6
రాయాలి.
అల్మారా అంచుకి సన్నటి బద్ద అంటిస్తున్నాం. బద్ద నేను పట్టుకున్నాను, క్లాంపులు వాడు పెడుతున్నాడు. "సూడరా, సందేటైనా ఉందా?" అన్నాను. నేనే అన్నాను. వాడు వంగి చూశాడు. టప్‌మంది. పిడి విరిగి, స్ప్రింగు విసురుకి ఎగిరి... ఎడమ కన్ను. రెండు చేతులూ అడ్డం పెట్టుకుని కూలబడ్డాడు. "ఏటీ నేదు బావా, ఏటీ నేదు" — అంటూనే ఉన్నాడు. వేళ్ల సందుల్లోంచి ముందు నీళ్లు, తర్వాత రక్తం.
ఆస్పత్రిలో డాక్టరమ్మ "కైసే లగా?" అంది, ఎలా తగిలిందని. నేను నోరు తెరిచేలోపు వాడే — "మేరీ గల్తీ హై మేడమ్." తప్పు తనదేనట, మొహం మరీ దగ్గరగా పెట్టాడట. సుజాత పక్కనే ఉంది. తమ్ముడి మాట విని నమ్మింది. కాదని నేను చెప్పలేదు.

మే 7
డాబా అంతా వెతికి ముక్కలు ఏరాను. తెల్ల గీత ఉన్నదే. పన్నెండింటిలో అదే వాడి చేతికి రావాలా, అనుకున్నాను ముందు. అసలది బకెట్‌లో ఎందుకుంది? మూడో తారీకు పేజీ తిప్పి చూసుకున్నాను. నా చేతిరాతే.

మే 12, ఆదివారం
ఆపరేషన్ అయింది. చూపు వస్తుందంటున్నారు, ఎంత వస్తుందో చెప్పరు. మామూలు మనిషైతే ఎంత వచ్చినా సర్దుకుంటాడు. ఇంజిన్ ఎక్కేవాడికి సర్దుబాటు లేదు, రెండు కళ్లూ సరిగ్గా ఉండాలి. రైల్వే డాక్టరు పనికిరాడని రాస్తే అంతే.
మురళి మా ఇంట్లోనే ఉన్నాడు. సుజాత అన్నం పెడుతూ తిడుతుంది. "మొకం అట్టుకెళ్లి దాన్లో ఎట్టీసినావేట్రా? ధ్యాన్ ఎక్కడుంది నీది?" తిట్టి, వంటింట్లోకి వెళ్లి ఏడుస్తుంది. నేను పళ్లెంలోకి చూస్తూ తింటాను.

మే 15
ఫ్యాక్టరీలో రక్షణ కళ్లద్దాలు లేకుండా గ్రైండింగ్ మిషన్ దగ్గర నిలబడేవాడి మీద రోజూ అరిచేది నేనే. ఇవాళ తల దించుకుని దాటిపోబోయాను. "క్యా హువా బాబూ?" అని వాడే అడిగాడు. ఒంట్లో బాగాలేదన్నాను.

మే 19
మిగిలిన పదకొండింటికీ ఎర్ర రంగు పూశాను. ఎండలో కూర్చుని, ఒక్కొక్కటే. ఇప్పుడెవరికి పనికొస్తుంది? నా మీద నాకే అసహ్యం వేసింది.

జూన్ 4
మురళికి రైల్వే మెడికల్ పరీక్ష. బయట బెంచీ మీద రెండు గంటలు. మురళి వచ్చి పక్కన కూర్చున్నాడు. "ఇంజినెక్కనివ్వరంట బావా. ఆఫీసులో ఏదో పని ఇత్తారంట."
స్కూటర్ మీద తీసుకొస్తున్నాను. కూడలిలో ఎర్ర లైటు పడింది. వెనక నుంచి "రెడ్" అన్నాడు పైకి. ఇంజిన్‌లో సిగ్నల్ కనబడగానే పైకి చెప్పాలి, ఆ అలవాటు. కాసేపాగి, మెల్లగా — "ఇది కనబడతంది బావా."


జూన్ 9, ఆదివారం
చెప్పేశాను. డాబా మీద, వాడికొక్కడికే. గీత ముందే చూశానని. పారేయలేదని.
వాడు పిట్టగోడ పెచ్చు గోకడం మొదలెట్టాడు. "తెలిసీ నా సేతికిచ్చినావా?"
ఏరి ఇవ్వలేదు, బకెట్ ఇచ్చాను — ఆ తేడా చెప్పుకోవాలనిపించింది. అవునని మాత్రం అన్నాను.
"అక్కకి సెప్పకు. అదింక నీ మొకం సూడదు." చెయ్యి చాపి ఒట్టు వేయించుకున్నాడు. నన్ను క్షమించాడో లేదో తెలీదు. అడిగే మొహం నాకు లేదు.

జూన్ 10
ఒట్టు వాడి కోసం నిలుపుతున్నానా, నా కోసమా?

జూన్ 16, ఆదివారం
భోజనాలు. మురళి రేపే కొత్త పనిలో చేరాలి. క్రూ లాబీలో, అంటే డ్రైవర్లు డ్యూటీకి హాజరు వేయించుకునే చోట, కాగితాలు చూడడం. ఇంజిన్ ఎక్కబోయేవాళ్ల చేత సంతకాలు పెట్టించాలి, రోజూ.
నీళ్ల గ్లాసు అందుకోబోయి తోసేశాడు. ఒంటి కంటికి దూరం ఇంకా అందడం లేదు. నీళ్లన్నీ సుజాత చీర మీద. "ఇప్పుడైనా బుద్దొచ్చిందేట్రా? సేతులారా సేసుకున్నావు, సొంత కన్ను..." నా వైపు తిరిగింది. "మీరైనా సెప్పండి ఆడికి. మీ మాటైతే ఇంటాడు."
మురళి నా వైపు చూశాడు. చాలాసేపు చూశాడు.
"కాస్త జాగర్తగా ఉండాల్సిందిరా," అన్నాను.
"ఔను బావా," అన్నాడు.